బ్యుటనాల్ ధర చెరకును చూడదు, ప్రొపిలీన్‌ను చూస్తుంది

డీజిల్‌లో పది శాతం ఐసోబ్యుటనాల్ కలిపే విషయమై పరీక్షలు జరుగుతున్నట్లు 2025లో కేంద్రం నుంచి ప్రకటన వెలువడింది. అంతవరకు రంగుల ఫ్యాక్టరీల వారికి, రసాయనాల టోకు వర్తకులకు మాత్రమే పరిచయమైన ఈ సరుకు పేరు చక్కెర మిల్లుల్లోనూ వినిపించసాగింది. పెట్రోలులో ఎథనాల్ కలపడం వల్ల మిల్లులకు ఒక దారి దొరికింది కనుక, డీజిల్‌తో రెండో దారి దొరుకుతుందన్న ఆశ సహజమే. అయితే ఈ ఆల్కహాలు మార్కెట్ నడక వేరు.

బ్యుటనాల్‌లో వర్తకానికి ముఖ్యమైనవి రెండు రకాలు. నార్మల్ బ్యుటనాల్ పెద్దన్న. ఐసోబ్యుటనాల్ దాని వెంట కొద్దికొద్దిగా వచ్చే తమ్ముడు. రంగు లేని, ఘాటు వాసనగల ఈ ద్రవాన్ని నేరుగా వాడేది తక్కువ. అధిక భాగం బ్యుటైల్ అక్రిలేట్‌గా మారి గోడల ఎమల్షన్ రంగుల్లోకి, జిగురుల్లోకి పోతుంది. మరికొంత బ్యుటైల్ ఎసిటేట్‌గా మారి కలప పాలిష్‌కు, వాహనాల రంగులకు, అచ్చు సిరాలకు ద్రావణిగా పనికివస్తుంది. అందుచేత ఇళ్ల నిర్మాణం, వాహనాల అమ్మకాలు మందగిస్తే ఈ సరుకుకు గిరాకీ పడిపోతుంది.

ఒకప్పుడు దీనిని పులియబెట్టే తీసేవారు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో మందుగుండుకు ఎసిటోన్ కావలసివచ్చి, తరువాత ఇజ్రాయెల్ తొలి అధ్యక్షుడైన వైజ్‌మన్ కనిపెట్టిన పద్ధతిలో మొక్కజొన్న పిండిని ఒకరకం సూక్ష్మజీవితో పులియబెట్టారు. ఎసిటోన్ మూడు పాళ్లు వస్తే బ్యుటనాల్ ఆరు పాళ్లు వచ్చేది. దాన్ని ఏం చేయాలో ఎవరికీ తోచలేదు! 1920లలో మోటారు కార్లకు త్వరగా ఆరే లాకర్ రంగులు వచ్చాక కథ తిరగబడింది. పారబోయవలసిన సరుకు అసలు సరుకైంది, ఎసిటోన్ ఉపఉత్పత్తి అయింది.

ఈ పద్ధతికి చిక్కు ఒక్కటే. ద్రవంలో బ్యుటనాల్ ఒకటి, ఒకటిన్నర శాతం దాటేసరికి దాన్ని తయారుచేసే జీవి దానికే బలవుతుంది. మిగతా నీటినంతా మరిగించి వేరుచేయాలి. 1938లో జర్మనీలో రోలెన్ అనే రసాయనవేత్త ఆక్సో పద్ధతిని కనుగొన్నాడు. చమురు శుద్ధిలో వచ్చే ప్రొపిలీన్ వాయువుకు కార్బన్ మోనాక్సైడును, హైడ్రోజన్‌ను చేర్చే పద్ధతి అది. యుద్ధానంతరం అది వ్యాపించాక పులియబెట్టే ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. మన రాష్ట్రంలోనే చూడవచ్చు. తణుకు ఆంధ్రా షుగర్స్ వారు తోడ్పడి నెలకొల్పిన ఆంధ్రా పెట్రోకెమికల్స్ విశాఖపట్నంలో 1994 నుంచి ఆక్సో ఆల్కహాళ్లు తయారుచేస్తున్నది. స్థాపించినవారిది చక్కెర వ్యాపారం, ముడిసరుకు మాత్రం హిందుస్థాన్ పెట్రోలియం రిఫైనరీ నుంచి వచ్చే ప్రొపిలీన్!

టన్ను బ్యుటనాల్‌కు సుమారు 0.6 టన్ను ప్రొపిలీన్ కావాలి. కనుక దాని ధర కదిలితే దీని ధర కదలక తప్పదు. కొనుగోలుదారు గమనించవలసింది మరొకటి ఉన్నది. ఇదే ఫ్యాక్టరీలో, ఇదే మధ్య సరుకు నుంచి 2-ఇథైల్ హెక్సనాల్ కూడా తీయవచ్చు. వైర్ల తొడుగులకు, రెక్సిన్‌కు వాడే పి.వి.సి.ని మెత్తబరిచే నూనెలకు అది ఆధారం. వైర్లకు గిరాకీ పెరిగి దాని ధర ఎగబాకితే, తయారీదారు బ్యుటనాల్ తగ్గించి అటు మళ్లుతాడు. రంగుల గిరాకీ ఉన్నచోటనే ఉన్నా బ్యుటనాల్ బిగుసుకుంటుంది.

సరఫరా దెబ్బతిన్నా అంతే. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌ను మంచు తుఫాను ముంచెత్తి పెట్రో రసాయనాల ఫ్యాక్టరీలు ఆగిపోయినప్పుడు అమెరికాలో లేచిన ధరల సెగ ఇతర దేశాలకూ తగిలింది. సరుకు ఎక్కువైనప్పుడు పరిస్థితి తలకిందులు. సౌదీలోని జుబైల్‌లో ఏటా 3.3 లక్షల టన్నుల సామర్థ్యంగల ఫ్యాక్టరీ వచ్చింది. ఒకప్పుడు పెద్దయెత్తున దిగుమతి చేసుకున్న చైనా సొంత ఫ్యాక్టరీలు కట్టుకున్నది. అటువంటప్పుడు మిగులు సరుకు మన రేవులకు చేరుతుంది. విశాఖ కంపెనీ ఫిర్యాదుపై విచారణ జరిపి, ఐరోపా యూనియన్, మలేషియా, సింగపూర్, దక్షిణాఫ్రికా, అమెరికాల సరుకుపై 2016లో కేంద్రం యాంటీ డంపింగ్ సుంకం విధించింది. రంగుల తయారీదారులకు ఇటువంటి సుంకం భారమే. కానీ స్వదేశీ ఫ్యాక్టరీ మూతపడితే ధర చెప్పేది విదేశీ అమ్మకందారే కదా!

ఇక ఇంధనం మాట. ఎథనాల్ కంటే బ్యుటనాల్ మేలన్నది నిజమే. లీటరుకు శక్తి ఎక్కువ, నీటిని అంతగా పీల్చుకోదు, డీజిల్‌లో విడిపోకుండా కలుస్తుంది. అయితే ఐసోబ్యుటనాల్ 28 డిగ్రీల వేడికే అంటుకోగలదు. మన డీజిల్‌కు ఆ హద్దు కనీసం 35 డిగ్రీలు. నిల్వలోనూ రవాణాలోనూ కొత్త జాగ్రత్తలు కావాలి.

అంతకంటే పెద్ద ప్రశ్న పరిమాణం. దేశంలో ఏటా వాడే డీజిల్ సుమారు 9 కోట్ల టన్నులు. అందులో పదోవంతు 90 లక్షల టన్నులు. ప్రపంచంలో ఏటా తయారయ్యే రెండు రకాల బ్యుటనాల్‌నూ కలిపినా అంత ఉండదు. ప్రొపిలీన్ నుంచి తీసి డీజిల్‌లో పోయడం గిట్టుబాటు కాదు కనుక మళ్లీ పులియబెట్టడమే శరణ్యం. అమెరికాలో మిన్నెసోటాలో గెవో కంపెనీ 2012లో మొక్కజొన్న నుంచి ఐసోబ్యుటనాల్ మొదలుపెట్టి, కొద్ది నెలల్లోనే నిలిపివేసి ఎథనాల్‌కు మళ్లింది. తరువాత తిరిగి ప్రారంభించినా చిన్న మోతాదులను దాటలేదు.

మిల్లుల వారు వేసుకోవలసిన లెక్క ఇది: వంద కిలోల గ్లూకోజు నుంచి సిద్ధాంతరీత్యా గరిష్ఠంగా 51 కిలోల ఎథనాల్ వస్తే, ఐసోబ్యుటనాల్ 41 కిలోలే వస్తుంది. లీటరుకు ఎథనాల్ కంటే ఎంత ఎక్కువ ధర ఇస్తారో చమురు కంపెనీలు ముందుగా ప్రకటించనిదే, ఉన్న డిస్టిలరీని ఇందుకోసం మార్చడం తొందరపాటే అవుతుంది.