సూది చెప్పేది, చెప్పలేనిది

పాతికేళ్లుగా నా పని మైక్రోస్కోపు ముందే. గొంతు మీద గడ్డతో వచ్చినవాళ్లు ముందు అడిగేది ఒకటే: "అమ్మా, సూది గుచ్చితే క్యాన్సర్ పాకదా?" అలా జరగడం చాలా చాలా అరుదు. పైగా థైరాయిడ్ గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కానే కావు.

అల్ట్రాసౌండ్‌లో అనుమానం కలిగితే సన్నని సూదితో కణాలు తీసి స్లైడు మీద పరుస్తాం. పాపిల్లరీ రకం క్యాన్సర్ తరచూ అక్కడే బయటపడుతుంది. కణకేంద్రకాలు పాలిపోయి, మధ్యలో కాఫీగింజకు ఉన్నట్టు గాడి కనిపిస్తుంది. అన్నిటికన్నా ఎక్కువగా వచ్చేది ఇదే, సాధారణంగా బాగా నయమవుతుంది కూడా.

నన్ను ఇబ్బంది పెట్టేది ఫాలిక్యులర్ రకం. మామూలు గడ్డలోనూ, క్యాన్సర్‌లోనూ కణాలు ఒకేలా ఉంటాయి. అవి గడ్డ చుట్టూ ఉన్న పొరను చీల్చుకుని బయటికో, రక్తనాళంలోకో చొరబడ్డాయా అన్నదే తేడా. అది సూదికి అందదు. ఆపరేషన్‌లో తీసిన గడ్డ పొరను పలచని ముక్కలుగా కోసి చూడాల్సిందే. "రిపోర్టులో ఏదీ తేల్చలేదేమిటమ్మా" అని బాధపడేవాళ్లకు ఓపిగ్గా ఇదే చెబుతాను.

మెడుల్లరీ రకం అయితే రక్తంలో కాల్సిటోనిన్ అనే హార్మోన్ పెరుగుతుంది. దాదాపు నలుగురిలో ఒకరికి అది వంశపారంపర్యం కాబట్టి రెట్ జన్యుపరీక్ష తప్పనిసరి. అందులో దోషం తేలితే తోబుట్టువులకు, పిల్లలకు కూడా చేయించాలి. అనాప్లాస్టిక్ అరుదు; ఎక్కువగా పెద్ద వయసువారిలో, వారాల్లోనే పెరిగిపోతుంది.

థైరాయిడ్ రక్తపరీక్ష టీఎస్‌హెచ్ నార్మల్‌గా ఉందని గడ్డను వదిలేయకండి. థైరాయిడ్ క్యాన్సర్ ఉన్న చాలామందిలో ఆ పరీక్ష నార్మల్‌గానే వస్తుంది.