కారు తలుపులో గరగర: స్పీకర్ మార్చే ముందు

థానే నుంచి ఖాడీ వంతెన దాటి, కశేళి మీదుగా భీవండికి వచ్చే రోడ్డు ఎట్లాంటిదో ఇక్కడి మనవాళ్లకు చెప్పనక్కరలేదు. గోదాముల లారీలు, మెట్రో పనులు, వాన పడితే గుంతలు. ఈ రోడ్డు మీద రోజూ తిరిగే కారులో తలుపుల క్లిప్పులు వదులవడం మామూలే. పైగా దసరాకో బతుకమ్మకో సోలాపూర్ మీదుగా సొంతూరికి కారులోనే పోయివచ్చే కుటుంబాలు భీవండి పద్మనగర్‌లో చాలానే ఉన్నాయి. అంత దూరం పాటలు లేకుండా సాగదు. తీరా బయల్దేరే సమయానికి తలుపులోంచి గరగర మొదలవుతుంది. దుకాణానికి తీసుకుపోతే "స్పీకర్ పోయింది, కొత్త జత వేయించండి" అనే మాటే ఎక్కువగా వినిపిస్తుంది. వేయించాక కూడా గరగర అట్లాగే ఉంటే ఆ మనిషికి ఎంత కష్టంగా ఉంటుంది! డబ్బు పోయింది, మోత పోలేదు.

ఈ ఖర్చు చాలాసార్లు తప్పించుకోవచ్చు. విప్పే ముందు వినాలి, అంతే. మగ్గాల కార్ఖానాలో సాంచాలు (మరమగ్గాలు) బాగుచేసే జాబర్ చేసేది అదే కదా. అన్ని సాంచాలు ఒక్కసారిగా మోగుతున్నా, ఏ సాంచ చప్పుడు మారిందో చెవితో పట్టి, ఆ తర్వాతే పానా తీస్తాడు. కారు దగ్గర కూడా అదే వరస. మోత ఎట్లా ఉంది అనేదానికంటే ఎప్పుడు వస్తోంది అనేది ముందు తేల్చుకోవాలి.

ఇంజన్ స్టార్ట్ చేయకుండా స్టీరియో ఒక్కటే ఆన్ చేసి పాట పెట్టండి. శుభ్రంగా వినిపించిందా? ఇప్పుడు ఇంజన్ స్టార్ట్ చేయండి. సన్నగా "కుయ్" మని కూత మొదలై, యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ ఆ కూత పైపైకి పోతుంటే స్పీకర్ జోలికి పోకండి. అది కరెంటు దారిలో వస్తున్న మోత. ఇంజన్‌తో పాటు తిరిగే ఆల్టర్నేటర్ ముందు ఏసీ కరెంటునే పుట్టిస్తుంది. లోపలి డయోడ్లు దాన్ని డీసీగా మారుస్తాయి. అయినా కొద్దిపాటి అల మిగులుతుంది. మామూలుగా బ్యాటరీ ఆ అలను అణచిపెడుతుంది. ఎర్త్ జాయింటు తుప్పు పట్టినా, పెయింటు మీదే బిగించినా ఆ అల పాటలోకి చొరబడుతుంది. విడిగా యాంప్లిఫయర్ పెట్టించుకున్న కార్లలో ఈ బాధ ఎక్కువ. యాంప్ ఎర్త్ వైరు పొట్టిగా ఉండాలి, పెయింటు గీకిన వట్టి ఇనుముకు గట్టిగా బిగించాలి. పవర్ వైరు కారుకు ఒక పక్క నుంచి పోతే, పాట మోసుకొచ్చే వైరు రెండో పక్క నుంచి రావాలి. రెండూ కలిపి ఒకే కట్టగా చుట్టడం పని తొందరగా ముగించాలనుకునేవాళ్లు చేసేది.

చేతిలో మల్టీమీటర్ ఉంటే బ్యాటరీ మీద పెట్టి చూడండి. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు మంచి బ్యాటరీ 12.6 వోల్టుల దాకా చూపిస్తుంది, నడుస్తున్నప్పుడు సాధారణంగా 13.8 నుంచి 14.5 మధ్య. అదే మీటరును ఏసీకి తిప్పి, ఇంజన్ నడుస్తుండగా చూస్తే అంకె చాలా చిన్నదిగా ఉండాలి. అర వోల్టు దాటిందంటే ఆల్టర్నేటర్‌లో డయోడ్ మీద అనుమానపడాలి. అది ఆటో ఎలక్ట్రీషియన్ పని, స్పీకర్ దుకాణం పని కాదు.

ఫోను ఛార్జింగ్‌కు పెట్టి, దాన్నే ఆక్స్ వైరుతో స్టీరియోకు కలిపినప్పుడు మాత్రమే కూత వస్తోందా? ఛార్జర్ పీకి చూడండి. కూత ఆగితే దొంగ దొరికినట్టే. బ్లూటూత్ మీద పాట పెట్టుకుంటే సరిపోతుంది. రేడియోలో మాత్రమే వచ్చే బరబరకు యాంటెనా వైరో, తర్వాత పెట్టించిన కెమెరా, ఎల్‌ఈడీ లైట్ల వంటివో కారణమవుతాయి. ఒక్కొక్కటే పీకి చూస్తే తెలుస్తుంది.

ఇక అసలు కథ తలుపులో. డోలు దెబ్బ పడినప్పుడల్లా దడదడమంటే, మోత ఏ తలుపులోదో ముందు పట్టుకోవాలి. స్టీరియోలో బ్యాలెన్స్, ఫేడర్ తిప్పి ఒక్కొక్క స్పీకర్‌నే మోగించండి. తలుపు జేబులో చిల్లర, నీళ్ల సీసా, తాళంచెవులు ఉంటే తీసేయండి. ఇంత చిన్న విషయం చెప్పాలా అనిపించవచ్చు, కానీ తలుపంతా విప్పాక జేబులోని రూపాయి బిళ్ల కారణమని తేలడం కద్దు. పాట మోగుతుండగానే డోర్ ప్యాడ్‌ను అక్కడక్కడా అరచేత్తో గట్టిగా అదమండి. ఎక్కడ నొక్కితే మోత ఆగుతుందో అక్కడే క్లిప్పు వదులైంది. అద్దం పూర్తిగా పైకెత్తి ఒకసారి, సగం దించి ఒకసారి వినండి. సగం దించినప్పుడే దడదడ వస్తే అది అద్దం రబ్బర్లది. ఫోనులో టోన్ వినిపించే యాప్ వేసుకుని, ఆ టోన్‌ను స్టీరియోలో మోగిస్తూ 40 నుంచి 200 హెర్ట్జ్ దాకా నెమ్మదిగా పెంచుకుంటూ పోతే, ఏదో ఒక చోట తలుపు ఒక్కసారిగా గొల్లుమంటుంది. అక్కడే ఆపి వెతకండి. పాట కంటే ఇది సులువు, ఎందుకంటే మోత ఆగకుండా వస్తూనే ఉంటుంది.

తలుపెందుకు మోగుతుంది? స్పీకర్ కోన్ గాలిని ముందుకు ఎంత తోస్తుందో వెనక్కీ అంతే తోస్తుంది. ఆ వెనక గాలి తలుపులోని పల్చటి రేకును, లాక్ కడ్డీలను, వేలాడే వైర్లను కుదుపుతుంది. కొత్త స్పీకర్ పాతదానికంటే గట్టిగా తోస్తే మోత పెరుగుతుందే తప్ప తగ్గదు.

విప్పాల్సి వస్తే ముందు బ్యాటరీ నెగెటివ్ తీసి కాసేపు ఆగండి. కొన్ని కొత్త కార్ల తలుపుల్లో ఎయిర్‌బ్యాగ్ సెన్సర్ ఉంటుంది, పసుపు రంగు కనెక్టర్ల జోలికి పోవద్దు. హ్యాండిల్ గిన్నెలోనూ చేతి ఆసరా కిందా దాగి ఉన్న స్క్రూలు తీశాక, ప్యాడ్‌ను కింది అంచు నుంచి లాగితే క్లిప్పులు ఒక్కొక్కటే టక్కుమని ఊడతాయి. ఒకటో రెండో విరుగుతాయి, కాబట్టి కొత్తవి ముందే తెచ్చి పెట్టుకోవడం మంచిది. లోపల వేలాడే వైర్లకు, కడ్డీలకు బట్ట టేపు చుట్టండి. స్పీకర్ స్క్రూలు బిగించండి. స్పీకర్‌కు, రేకుకు మధ్య సన్నటి ఫోమ్ పట్టీ వేయండి.

ఆ ప్యాడ్ వెనక ప్లాస్టిక్ షీటు ఒకటి అతికించి ఉంటుంది. దాన్ని చింపి పారేయడం నాకు అన్నిటికంటే కోపం తెప్పించే పని. అద్దం మీది వాననీళ్లు తలుపు లోపలికే దిగుతాయి, అట్లా దిగేటట్టే తలుపును తయారు చేస్తారు. అడుగు అంచున ఉన్న చిన్న రంధ్రాల గుండా ఆ నీళ్లు బయటికి పోతాయి. నీళ్లు ప్యాడ్ వైపు రాకుండా అడ్డుకునేది ఆ షీటే. సాంచాల ఊళ్లో గాలి నిండా దుమ్ము, దూది నూగు. ఆ రెండూ నీళ్లతో కలిసి ముద్దై రంధ్రాలను మూసేస్తే, జూన్ నుంచి సెప్టెంబరు దాకా తలుపు అడుగున నీళ్లు నిలుస్తాయి. తలుపు తీసినప్పుడు గలగల నీళ్ల చప్పుడు వినిపిస్తే వెంటనే పుల్లతో ఆ రంధ్రాలు శుభ్రం చేయండి. నానిన కాగితం కోన్ ఎండాక కూడా మునుపటిలా పలకదు.

స్పీకర్‌నే అనుమానించాల్సిన సందర్భాలూ ఉన్నాయి. తక్కువ శబ్దంలో కూడా గొంతు బొంగురుపోయినట్టు పలికితే, నాలుగు వేళ్లతో కోన్‌ను నలువైపులా సమంగా, మెల్లగా లోపలికి నొక్కి వదలండి. గరుకుగా తగిలితే కాయిల్ అయస్కాంతానికి రాసుకుంటోందన్నమాట. ఆ రెంటి మధ్య సందు మిల్లీమీటరు కూడా ఉండదు, రేకుకు రంధ్రం చేసినప్పుడు రాలిన ఇనుప పొడి దూరినా చాలు. వైర్లు ఊడదీసి మీటరు పెడితే 4 ఓమ్‌ల స్పీకర్ మూడున్నర దరిదాపుల్లో చూపాలి. ఏమీ చూపకపోతే కాయిల్ తెగింది. మీటరు లేకపోతే 1.5 వోల్టుల సెల్లు క్షణం పాటు తాకించి చూడండి, బాగున్న స్పీకర్ "టక్" మంటుంది. తలుపు తీసి వేస్తున్నప్పుడు పాట ఆగుతూ వస్తూ ఉంటే మాత్రం స్పీకర్‌ను వదిలేసి, తలుపుకూ బాడీకీ మధ్య ఉన్న రబ్బరు గొట్టంలో వైరు విరిగిందేమో చూడాలి.

చివరికి మార్చక తప్పదని తేలితే, గుండ్రం సైజు ఒక్కటే చూసి కొనకండి, లోతు కూడా కొలవండి. అద్దం పూర్తిగా కిందికి దించి, అది కొత్త స్పీకర్ అయస్కాంతానికి తగలడం లేదని చూసుకోండి. ప్యాడ్‌ను చేత్తో ఆనించి పట్టుకుని, ముందు మోత పుట్టించిన టోన్‌నే మళ్లీ మోగించండి. తలుపు నిశ్శబ్దంగా ఉంటేనే క్లిప్పులు నొక్కండి.