ఆక్స్‌ఫర్డు నుంచి కాకినాడకు

మన తిరుత్తణిలో 1888లో పుట్టిన రాధాకృష్ణన్ గారు 1936లో ఆచార్యులై ఆక్స్‌ఫర్డుకు వెళ్ళారు. ఆ ఆక్స్‌ఫర్డులోనే 1892లో పుట్టిన జీవశాస్త్రవేత్త హాల్డేన్ గారు 1957లో మన దేశానికి వచ్చి, కలకత్తా గణాంక సంస్థలో కొలువు చేశారు.

పరదేశపు పండితునికి కళాశాలా, బంగళా ఉంటే చాలు, ఊరితో పనిలేదని మనవాళ్ళ భావన. హాల్డేన్ గారి తీరు వేరు. లాల్చీ తొడిగారు, భారత పౌరులయ్యారు. ఖరీదైన యంత్రాలు లేవని చింతించక, ఇక్కడి చెట్టునూ పురుగునూ చూడండని శిష్యులకు చెప్పారు. పిఠాపురం నుంచి వెళ్ళిన ద్రోణంరాజు కృష్ణారావు గారు ఆయన వద్దనే, లాంటానా పొదల్లో ఏ రంగు పువ్వుపై ఏ సీతాకోకచిలుక వాలుతుందో లెక్కగట్టారు. తరువాత ఆంధ్రదేశపు మేనరికాలనూ పరిశీలించారు.

1964 డిసెంబరు 1న హాల్డేన్ గారు భువనేశ్వరంలో కన్నుమూశారు. తమ దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాల విద్యార్థుల చదువుకు ఇమ్మని ముందే వ్రాసి ఉంచారు.

తరతరాలుగా తమిళనాట కాపురమున్న మనం ఆలోచించవలసిన మాట ఇది. ఎక్కడ పుట్టామన్నది మన చేతిలో లేదు. ఉన్న ఊరి చెట్టూ చేమా, మంచీ చెడ్డా పట్టించుకోవడం మాత్రం మన చేతిలోనే ఉన్నది.