ట్యాగు కంట్రోల్‌ది, రాత రైటర్‌ది

“కస్టమ్ కంట్రోల్‌లో స్ట్రింగులు కలిపి హెచ్‌టీఎంఎల్ పంపేస్తే సరిపోదా? ఈ హెచ్‌టీఎంఎల్ టెక్స్ట్‌రైటర్ తతంగమంతా ఎందుకండీ?” అని పాత ఏఎస్‌పీ డాట్‌నెట్ ప్రాజెక్టు నెత్తిన పడ్డ పాఠకురాలు ఒకరు అడిగారు. ఇలాంటి ప్రశ్న వస్తే నేను ఆగలేను.

2002లో వచ్చిన వెబ్‌ఫామ్స్‌లో ప్రతి కంట్రోల్‌కూ రెండర్ అనే మెథడ్ ఉంటుంది. పేజీ తయారీ చివర్లో సర్వర్ దాన్ని పిలిచి, చేతికో హెచ్‌టీఎంఎల్ టెక్స్ట్‌రైటర్‌ని ఇస్తుంది. స్ట్రింగులు కలిపి అందులో రాసినా పేజీ వస్తుంది, కాదనను.

కానీ ఆ రైటర్ పనితనం చూడండి! యాడ్‌ఆట్రిబ్యూట్‌ను పిలిస్తే ఒక్క అక్షరమూ బయటికి రాదు. క్లాసు, ఐడీ అన్నీ లోపలే పోగవుతాయి. రెండర్‌బిగిన్‌ట్యాగ్ అనగానే ఆ ట్యాగుతో కలిసి ఒక్కసారిగా బయటపడతాయి, ట్యాగు పేరు స్టాక్ ఎక్కుతుంది. రెండర్‌ఎండ్‌ట్యాగ్‌కు పేరు చెప్పక్కర్లేదు, స్టాక్ పైనున్నదాన్నే మూసేస్తుంది. టేబుల్ తెరిచేశాక బోర్డర్ ఇచ్చారనుకోండి, అది ఆ వెనక తెరిచే టీఆర్‌కు అంటుకుంటుంది. ఎర్రర్ కూడా రాదు.

ఇంకా గొప్ప సంగతి ఉంది. కంట్రోల్ “డివ్ కావాలి” అంటుందే తప్ప, దాన్ని రాసేది రైటరే. పాత బ్రౌజర్ అడిగితే సర్వర్ హెచ్‌టీఎంఎల్32 టెక్స్ట్‌రైటర్‌ని అందించేది. అది డివ్‌కు బదులు టేబుల్ రాసేది, స్టైల్‌కు బదులు ఫాంట్ ట్యాగు వాడేది. కంట్రోల్ కోడ్‌లో ఒక్క లైనూ మారదు!

అయితే ఏ బ్రౌజర్‌కు ఏ రైటర్ ఇవ్వాలో చెప్పే జాబితాలో పొరపాటు జరిగింది. ఏఎస్‌పీ డాట్‌నెట్ తొలి వెర్షన్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ను మాత్రమే ఆధునికంగా లెక్కగట్టి మొజిల్లా కుటుంబాన్ని ముసలివాళ్లలో చేర్చింది. దాంతో ఫైర్‌ఫాక్స్‌లో, డివ్‌గా రావాల్సిన ప్యానెల్ కంట్రోల్ కాస్తా టేబుల్ అయి కూర్చుంది. డిజైనర్లు తమ సీఎస్‌ఎస్‌ను అనుమానించి జుట్టు పీక్కున్నారు. 2005లో 2.0 వచ్చాక గానీ ఆ పీడ పోలేదు. స్ట్రింగులు కలిపినవాళ్లకు ఈ చిక్కు లేదు, నిజమే. బ్రౌజర్‌ను బట్టి రాత దానంతటదే మారే సౌకర్యమూ వాళ్లకు లేదు.

ఇక మీ పని సంగతి. వెబ్‌కంట్రోల్ నుంచి పుట్టించిన కంట్రోల్‌లో రెండర్‌ను తిరగరాస్తే, బయటి ట్యాగుతో పాటు సీఎస్‌ఎస్‌క్లాస్, ఐడీ ఎగిరిపోతాయి. రెండర్‌కంటెంట్స్‌లో రాయండి. డివ్ కావాలంటే ట్యాగ్‌కీ మార్చండి, లేకపోతే స్పాన్ వస్తుంది. యూజర్ ఇచ్చిన పాఠాన్ని రైట్‌తో పంపకండి, అందులో స్క్రిప్ట్ ఉంటే అది నడుస్తుంది. రైట్‌ఎన్‌కోడెడ్‌టెక్స్ట్ ఉన్నది అందుకే. లేబుల్ కంట్రోల్ కూడా తన టెక్స్ట్‌ను ఎన్‌కోడ్ చెయ్యదు. అది చేస్తుందనే భరోసాతో రాసిన కోడ్ ఇప్పటికీ కనబడుతుంటే ఒళ్లు మండుతుంది.