ఒంటరిగా వచ్చినవారు, బంధువులతో వచ్చినవారు

అండమాన్‌లో ఉంటున్న మీరు 'లోకల్ బార్న్' అనే మాట వినే ఉంటారు. 1858 నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు, అంటే నేటి శ్రీ విజయపురానికి, తెచ్చిన ఖైదీల సంతతివారు వీరు. వేర్వేరు కులాల, ప్రాంతాల ఖైదీలు ఇక్కడే పెళ్లిళ్లు చేసుకున్నారు. సంబంధం ఖాయం చేయడానికి కులపెద్దలు వెంట లేరు. అందువల్ల వీరిలో కులం పట్టు బాగా సడలింది.

మరి బోధ వల్ల ఏర్పడిన సమాజాల మాటేమిటి? అనబాప్టిస్టుల చరిత్ర చూద్దాం.

1525 జనవరి 21న స్విట్జర్లాండ్‌లోని జూరిక్‌లో కొందరు పెద్ద వయసువారు మళ్లీ బాప్తిస్మం తీసుకున్నారు. విశ్వాసం ఎవరికి వారు తెలిసి నిర్ణయించుకోవలసినదని, పసిబిడ్డకు ఇచ్చిన బాప్తిస్మం చెల్లదని వారి వాదన. 'మళ్లీ బాప్తిస్మం ఇచ్చేవారు' అనే అర్థంలో ప్రత్యర్థులు పెట్టిన పేరే అనబాప్టిస్టులు. తొలి నాయకుల్లో కాన్రాడ్ గ్రేబెల్ సంపన్న కుటుంబీకుడు, ఫెలిక్స్ మాంజ్ హీబ్రూ నేర్చిన పండితుడు.

ఈ చదువరుల నాయకత్వం ఎక్కువ కాలం నిలవలేదు. గ్రేబెల్ 1526లో ప్లేగుతో మరణించాడు. మాంజ్‌ను 1527లో నదిలో ముంచి చంపారు. 1529లో జర్మనీలోని స్పైయర్ సభ ఈ బాప్తిస్మానికి మరణశిక్షను చట్టం చేసింది. ఆ తరువాత ఈ సమాజాల్లో ప్రధానంగా చేతివృత్తులవారు, రైతులు కనిపిస్తారు. మొరావియాకు పారిపోయిన కొందరు 1528లో ఆస్తులను ఉమ్మడి చేసుకున్నారు. తరువాత వారికి నాయకుడైన యాకోబ్ హుట్టర్ టోపీలు చేసే పనివాడు. ఊరినీ చుట్టాలనూ వదులుకున్నవారికి తోటి విశ్వాసులే కుటుంబమయ్యారు.

ఆ సంప్రదాయం నుంచే వచ్చిన మెన్నోనైట్ బ్రదరెన్ మిషనరీలు తెలంగాణలో అడుగుపెట్టారు. రష్యా సామ్రాజ్యం నుంచి వచ్చిన అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు 1890 ప్రాంతంలో నల్లగొండలో పని ప్రారంభించారు. 1899లో అమెరికా నుంచి మరికొందరు వచ్చారు. మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ ప్రాంతాల్లో సంఘాలు పెరిగాయి. చేరినవారిలో అత్యధికులు మాల, మాదిగ కులాలవారు.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. బాప్తిస్మం ఎవరికి వారే తీసుకున్నా, నిర్ణయం తరచు ఇంటిల్లిపాదీ, బంధువులూ కలిసి తీసుకున్నారు. ఊళ్లో బతకాలంటే బంధువుల అండ కావాలి కదా! ఆ అండతోపాటు కులమూ లోపలికి వచ్చింది. ఒకే రొట్టె పంచుకున్నవారి మధ్య కూడా, పెళ్లి సంబంధాల వేళ చాలాచోట్ల పాత గీత అలాగే మిగిలింది.

దీన్ని బట్టి మనకు తెలిసేదేమిటి? సమానత్వాన్ని బోధించడం అవసరమే గాని అదొక్కటే చాలదు. ఒక సమాజంలో సమానత్వం ఎంతవరకు వచ్చిందో తెలియాలంటే, అక్కడ ఎవరెవరు కలిసి కూర్చుంటున్నారో మాత్రమే కాక, ఎవరు ఎవరికి పిల్లనిస్తున్నారో కూడా చూడండి.