నడుము చెప్పే మాట విందాం



మేము ఈ హాస్టల్‌లోనే చదువుకుని ఇప్పుడు పీజీ చేస్తున్నాం. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్లం. నాన్న మిర్చి టిక్కీలు మోస్తాడు. అమ్మ పత్తి తీతకు, మిరప కోతకు వెళ్తుంది. సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు చూశాం. పొద్దు గూకి ఇంటికొచ్చిన అమ్మ, నడుం ఎత్తి నిలబడటానికి గోడ పట్టుకుంది. నొప్పా అని అడిగితే, "పని చేసేవాళ్లకు ఉండదా?" అంది. ట్రంకు పెట్టె మీద పుస్తకం పెట్టుకుని గంటల తరబడి వంగి చదివిన రోజుల్లో మా మెడ పట్టేస్తే మేమూ అదే అనుకున్నాం, "చదివేవాళ్లకు ఉండదా?" అని. ఒళ్లు చెబుతున్న మాట అమ్మా వినలేదు, మేమూ వినలేదు. అందుకే ఈ వ్యాసం.

సొమాటిక్స్ అంటే ఏమిటి?

'సోమా' అంటే గ్రీకు భాషలో శరీరం. అమెరికాకు చెందిన థామస్ హన్నా 1976లో 'సొమాటిక్స్' అనే పేరును ప్రచారంలోకి తెచ్చారు. శరీరాన్ని బయటి నుంచి చూడటం కాకుండా, లోపలి నుంచి గమనిస్తూ నెమ్మదిగా కదలడమే ఈ సాధన. కండలు పెంచడం దీని ఉద్దేశం కాదు.

కళ్లు మూసుకుని వేలితో ముక్కును తాకండి. చూడకుండానే వేలు ముక్కు దగ్గరకు వెళ్తుంది. కండరాల్లో, కీళ్లలో ఉండే సూక్ష్మమైన గ్రాహకాలు ఏ అవయవం ఎక్కడుందో మెదడుకు ఎప్పటికప్పుడు కబురు పంపుతుంటాయి. కానీ రోజూ ఒకే భంగిమలో పనిచేస్తే అది అలవాటైపోతుంది. కండరం బిగిసి ఉన్న సంగతే మనకు తెలియదు. దీన్ని హన్నా ఒక రకమైన మతిమరుపు అన్నారు. ఒడి కట్టుకుని సాలు వెంట వంగి నడిచే అమ్మకైనా, పుస్తకం మీద వంగే మనకైనా జరిగేది ఇదేనని మాకు అనిపించింది.

ఈ దారిలో మొదట నడిచినవారిలో ఎఫ్.ఎం. అలెగ్జాండర్ ఒకరు. 1869లో టాస్మానియాలో పుట్టిన ఆయన వేదిక మీద పద్యాలు, నాటక భాగాలు చదివేవారు. చదివేటప్పుడు గొంతు బొంగురుపోయేది. విశ్రాంతి తీసుకుంటే తగ్గేది, మళ్లీ వేదిక ఎక్కితే మొదటికొచ్చేది. చివరకు అద్దం ముందు నిలబడి గమనిస్తే, నోరు తెరవగానే తల వెనక్కి లాగి గొంతును నొక్కుతున్నట్టు కనిపించింది. ఆ అలవాటును మార్చుకుని గొంతు బాగు చేసుకున్నారు. బ్రిటన్‌లో 579 మంది నడుము నొప్పి రోగులపై జరిపిన పరీక్ష ఫలితాలు 2008లో వచ్చాయి. అలెగ్జాండర్ పద్ధతి పాఠాలు నేర్చుకున్నవారికి ఏడాది తర్వాత కూడా నొప్పి ఉండే రోజులు తగ్గాయి.

ఇది మన నేలకు కొత్త కాదు. శవాసనం శతాబ్దాల నాటి హఠయోగ గ్రంథంలోనే ఉంది. బుద్ధుడి బోధనల్లో ఊపిరిని, నడకను, కూర్చోవడాన్ని ఎరుకతో గమనించడం ఒక ముఖ్యమైన సాధన. అమరావతి స్తూపం, నాగార్జునకొండ విహారాలు వెలసిన నేల మనది.

చేసి చూద్దాం

ఖర్చు లేదు. ఒక చాప, పది నిమిషాలు చాలు.

1. చాప మీద వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవండి. పాదాలు నేల మీద ఉంచండి. వీపులో ఏ భాగం నేలకు తగులుతోంది, ఏది తగలడం లేదు? గమనించండి, సరిచేయకండి.

2. ఊపిరి పీలుస్తూ నడుమును కొద్దిగా, వేలెడంత పైకి లేపండి. పిరుదులు నేల మీదే ఉండాలి.

3. ఊపిరి వదులుతూ నడుమును మెల్లగా నేలకు ఆనించండి. ఇలా ఎనిమిది సార్లు. ఎంత నెమ్మదిగా చేస్తే అంత మంచిది.

4. ఆగి, మొదటిసారి గమనించినదానికీ ఇప్పటికీ తేడా ఏమైనా ఉందేమో చూడండి.

నొప్పి పుట్టేంతగా ఎప్పుడూ చేయకండి. నొప్పి కాలిలోకి పాకుతున్నా, తిమ్మిరి ఎక్కినా, జ్వరం ఉన్నా, దెబ్బ తగిలినా ముందు డాక్టరు దగ్గరకు వెళ్లాలి.

మేము అమ్మకు ఇది చెబితే, "పడుకోటానిక్కూడా పుస్తకం చదవాలంటరా?" అని నవ్వింది. అయినా వారం రోజులు చేసింది. నొప్పి పోలేదు. కానీ ఒకరోజు తనే చెప్పింది, "వంగినప్పుడల్లా నేను ఊపిరి బిగబడుతున్నానురా" అని. ఇప్పుడు సాలు చివరికి రాగానే నిలబడి, రెండుసార్లు ఊపిరి వదిలి, తర్వాత రెండో సాలు పడుతుంది. ఇన్నేళ్లలో అమ్మ తన ఒంటి గురించి మాకు చెప్పిన మొదటి మాట అది.

పని గంటలకు, కూలి రేటుకు సొమాటిక్స్ జవాబు కాదు. వాటి కోసం అడగాల్సిందే. కానీ మన పెద్దల ఒళ్లు ఇతరుల పొలాల్లో అరిగిపోయింది. నొప్పి చెప్పుకోవడం బలహీనత అనుకునేలా వాళ్లు పెరిగారు. వాళ్లు వంగితేనే మనం బడిలో కూర్చున్నాం. ఆ రుణం తీర్చడానికి మన ఒళ్లు కూడా పాడుచేసుకోనక్కర్లేదు.

కాబట్టి తమ్ముళ్లూ, ఈ రాత్రి స్టడీ అవర్ అయ్యాక పది నిమిషాలు చాప మీద పడుకుని మీ నడుము ఏం చెబుతుందో వినండి. సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు అమ్మానాన్నల నడుము మాట కూడా అడగండి.