మందు, మత్తు, మనిషి

మన సాయంకాలపు బడిలో పిల్లలకు తెలుగు చెప్పేటప్పుడు ఒక మాట దగ్గర నేను ఎప్పుడూ కాసేపు ఆగుతాను. ఆ మాట ‘మందు’. జ్వరానికి వేసుకునేది మందే. పని నుంచి వచ్చి కొందరు తాగేదీ మందే. పొలంలో పురుగులను చంపేదీ మందే. మేలు చేసేదానికీ, మైకం కలిగించేదానికీ, ప్రాణం తీసేదానికీ మన పెద్దలు ఒకే మాట వాడారు. అందులో ఎంత అనుభవం దాగి ఉన్నదో యాభై ఏళ్లు దాటిన తరువాత గాని నాకు తెలియలేదు.

ఆ వయస్సులో నేను మళ్లీ విద్యార్థినయ్యాను. మత్తుకు లోబడినవారికీ, వారి కుటుంబాలకూ సలహా చెప్పే పని నేర్పే తరగతిలో చేరాను. బడిపంతులును గదా, మాటలకేమి కొదువ అనుకున్నాను. కాని మొదటి నెలలన్నీ ఏ పదార్థం శరీరంలో ఏమి చేస్తుందన్న పాఠాలే. ఇదంతా మనకెందుకని అడగబోయాను. అంతలో మా చిన్నాన్న గుర్తుకు వచ్చి ఊరుకున్నాను.

మా చిన్నాన్న చక్కెర ఎస్టేటులో పనివాడు. ఏళ్ల తరబడి రోజూ రమ్ము తాగేవాడు. 1984లో, నాకు పద్నాలుగేళ్లప్పుడు, ఎలాగైనా తాగుడు మాన్పించాలని ఇంటి పెద్దలందరూ కలిసి ఆయనను గదిలో పెట్టి గొళ్లెం వేశారు. మొదటి రోజు చేతులు వణికాయి. ఆ రాత్రి మూర్ఛ వచ్చింది. మూడవ రోజు గోడల మీద పురుగులు పాకుతున్నాయని కేకలు వేశాడు. గాలి సోకిందని విభూతి పెట్టారు. నాలుగవ రోజు తెల్లవారేసరికి ప్రాణం పోయింది. తాగుడే మింగిందని ఊరంతా అన్నది. మేమూ అదే నమ్మాము.

తరగతిలో తెలుసుకున్న సంగతి ఇది. మెదడును చురుకుగా ఉంచే రసాయనాలు కొన్ని, శాంతపరచేవి కొన్ని ఉన్నాయి. మద్యం శాంతపరచే ‘గాబా’ బలాన్ని పెంచి, చురుకు పుట్టించే ‘గ్లుటమేట్’ను అణచుతుంది. రోజూ తాగేవాని మెదడు ఆ ఒత్తిడికి ఎదురు తోస్తూ నిలబడడం నేర్చుకుంటుంది. తలుపును అవతలివాడు తోస్తుంటే ఇవతల మనం బలమంతా పెట్టి తోసినట్లు. అవతలివాడు హఠాత్తుగా తప్పుకుంటే మనం బోర్లా పడతాము గదా! మెదడు గతీ అంతే. తాగుడు ఆగిన కొద్ది గంటలకే వణుకు మొదలవుతుంది. రెండు రోజుల లోపల మూర్ఛలు రావచ్చును. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి జ్వరం, కలవరింత, లేనివి కనిపించడం వస్తాయి. వైద్యులు దీనిని ‘డెలీరియమ్ ట్రెమెన్స్’ అంటారు. చికిత్స లేకపోతే ఇది ప్రాణాంతకం. చికిత్స మాత్రం అరుదైనదేమీ కాదు. డయజెపామ్ వంటి మందును మొదట తగినంత ఇచ్చి, క్రమంగా తగ్గిస్తారు. విటమిన్ బి-1 ఇస్తారు. మనిషిని కనిపెట్టి చూస్తారు.

మా చిన్నాన్న మీద మా ఇంటివారికి ప్రేమ లేక కాదు, తెలియక అలా చేశారు. ఇది వ్రాయడానికి నాకు నలభై ఏళ్లు పట్టింది.

ఒక పదార్థపు లక్షణం మరొక దానికి వర్తించదు. హెరాయిన్‌నే చూడండి. నల్లమందులోని మార్ఫిన్ నుంచి దానిని తయారు చేస్తారు. 1898లో బేయర్ కంపెనీ దానిని దగ్గు మందుగా అమ్మింది. చూశారా, ఇదీ మందే! హెరాయిన్ మానిన మనిషి ఒళ్లు నొప్పులతో, వాంతులతో, విరేచనాలతో కొన్ని రోజులు నరకం చూస్తాడు. మన క్రియోల్‌లో ‘మాంక్’ అనేది ఈ స్థితినే. చూసేవారికి గుండె చెరువవుతుంది గాని, ఒంట్లో నీరు తగ్గిపోకుండా చూసుకుంటే ఆరోగ్యవంతుని ప్రాణానికి సాధారణంగా ముప్పు రాదు. అసలు ముప్పు ఆ తరువాత పొంచి ఉంటుంది.

ఒక తల్లి నా దగ్గరకు వచ్చి, ‘మాస్టారూ, మావాడు జైలు నుంచి వచ్చాడు. ఆరు నెలలు దాన్ని ముట్టుకోలేదు. ఇక భయం లేదు గదా?’ అని సంతోషంగా అడిగింది. తరగతికి వెళ్లకముందైతే, ‘భయం లేదమ్మా’ అని ఉండేవాణ్ణి. కాని నేర్చుకున్న పాఠం వేరు. హెరాయిన్ మెదడులో శ్వాసను నడిపే భాగాన్ని మందగింపజేస్తుంది. రోజూ వాడే శరీరం దానికి కొంత తట్టుకుంటుంది. మానేసిన కొన్ని వారాలలోనే ఆ తట్టుకునే శక్తి పోతుంది. ఒక బలహీన క్షణంలో మునుపటి మోతాదే తీసుకుంటే శ్వాస ఆగిపోవచ్చును. మద్యమో నిద్రమాత్రలో తోడైతే ముప్పు మరింత ఎక్కువ. కంటిపాప గుండుసూది మొనంత చిన్నదైపోయి, పెదవులు నీలబడి, పిలిచినా పలకకపోతే అది నిద్ర కాదు. వెంటనే 114కు ఫోను చేసి ‘సాము’ అంబులెన్సును పిలవాలి. శ్వాస ఆడుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నలోక్సోన్ అనే విరుగుడు మందు సకాలంలో అందితే మనిషి తిరిగి ఊపిరి పీలుస్తాడు. ఇవన్నీ ఆ తల్లికి చెప్పాను. ఇద్దరమూ కలిసి అబ్బాయిని వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లాము. ఇప్పుడు అతడు ప్రతి ఉదయం మెథడోన్ తీసుకుని పనికి పోతున్నాడు.

మెథడోన్ పేరు చెప్పగానే, విషానికి విషమా అని మనవారు ముఖం చిట్లిస్తారు. మెథడోన్ ప్రభావం దాదాపు రోజంతా నిలకడగా ఉంటుంది. సరిపడిన మోతాదు ఇస్తే మాంక్ రాదు, పెద్దగా మైకమూ కలగదు. సూది అవసరం తగ్గుతుంది. 2005 ప్రాంతంలో మన మారిషస్‌లో కొత్తగా హెచ్.ఐ.వి. సోకినవారిలో అత్యధికులు సూదితో మత్తు తీసుకున్నవారే. 2006లో ప్రభుత్వం మెథడోన్ చికిత్సను ప్రారంభించడానికి ఇది ఒక ముఖ్య కారణం.

ఇక మన యువకులను పట్టుకున్న ‘సింతెటిక్’ సంగతి. దీనిని గంజాయికి తమ్ముడనుకుంటారు. మనం గాండ్యా అనే మాట గంజాయి చుట్టమే గాని, ఈ రసాయనం వేరు. గంజాయిలో మత్తు కలిగించే టి.హెచ్.సి.ని శాస్త్రజ్ఞులు 1964లో వేరు చేశారు. అది మెదడులోని గ్రాహకాలను కొంతమేరకే ప్రేరేపిస్తుంది. సింతెటిక్‌లో చాలా రకాలు వాటిని పూర్తిగా ప్రేరేపిస్తాయి. ఆకు మీద చల్లిన రసాయనం ఒకచోట పలుచగా, మరొకచోట చిక్కగా పడుతుంది. నిన్న ఏమీ చేయని పొట్లమే నేడు మూర్ఛకో, మతి చలించడానికో కారణం కావచ్చును.

అయితే పదార్థం ఒక్కటే తెలిస్తే చాలదు. నార్మన్ జిన్‌బర్గ్ అనే అమెరికన్ వైద్యుడు 1984లో ప్రచురించిన గ్రంథంలో మూడింటిని కలిపి చూడాలన్నాడు: పదార్థం, దానిని తీసుకునే మనిషి మనఃస్థితి, చుట్టూ ఉన్న పరిసరం. మొదటిది వైద్యులకు తెలుసు. రెండవది ఆ మనిషి నోరు విప్పితేనే తెలుస్తుంది. మూడవది మనమే.

మన పెద్దలు తాగుడును సప్తవ్యసనాలలో చేర్చి హెచ్చరించారు. ఆ హెచ్చరిక మంచిదే. కాని ఒకసారి చిక్కుకున్నవానికి నిందతో చికిత్స జరగదు. కొడుకు మత్తులో పడ్డాడని సిగ్గుపడి రామభజనకు రావడం మానేసిన కుటుంబం మీ ఊళ్లోనూ ఉండే ఉంటుంది. వారి ఇంటికి వెళ్లండి. తలుపు తట్టండి. ‘ఏమి వాడుతున్నాడు? ఎప్పటి నుంచి? వైద్యునికి చూపించారా?’ అని మెల్లగా అడగండి. ఆనాడు మా ఇంటికి వచ్చి అలా అడిగినవారు ఒక్కరూ లేరు.